పదాన్వేషకుడు చార్లెసు ఫిలిప్పు బ్రౌను

ఇంగ్లీషు నేర్చుకొను బాలబాలికలకు ఇష్టమైన వినోదములలో మాటలను వెదకు ఆట యొకటి. ఇన్ని యక్షరముల మాట కావలెను, అందు ఫలానా అక్షరము ఫలానా చోట నుండవలెను అని యొకరు నియమము పెట్టుదురు. రెండవవారు తమకు వచ్చిన మాటల నన్నిటిని మనస్సున త్రిప్పి చూచుకొని నియమమునకు సరిపడు దానిని పట్టి తెత్తురు. ఉదాహరణమునకు, ఐదక్షరముల మాట. మొదటి యక్షరము ‘బి’, మూడవది ‘ఇ’, కడపటిది ‘డి’ అనుకొందము. రొట్టె అను అర్థము గల ‘బ్రెడ్’ సరిపోవును. రక్తము కారుట అను ‘బ్లీడ్’ సరిపోవును. కలుపుట అను ‘బ్లెండ్’, పెంచుట అను ‘బ్రీడ్’ కూడ సరిపోవును. లోపల ‘ఎ’ అను అక్షరము సైత ముండవలెనని మరియొక నియమము చేర్చినచో ఈ నాలుగింటిలో రొట్టె యొక్కటే మిగులును.

ఇది వట్టి కాలక్షేపమని తలచు పెద్దలు కలరు. కాని అక్షరమును, కొలతను చేతబట్టుకొని తగిన మాటను వెదకు నేర్పు ఒకప్పుడు మన తెలుగు కావ్యములను కాపాడుటకు మిక్కిలి యక్కరకు వచ్చెను. ఆ పనికై తన యౌవనమును, జీతమును, విశ్రాంతిని వెచ్చించిన వాడు తెలుగువాడు కాడు, ఇంగ్లీషు దొర. ఆయన పేరు చార్లెసు ఫిలిప్పు బ్రౌను. ఆయన నిఘంటువు పేరు విననివారు మనలో నరుదు. ఆ నిఘంటువు వెనుక నున్న మనుష్యుని మాత్రము చాలమంది యెరుగరు.

బ్రౌను 1798 వ సంవత్సరము నవంబరు 10 వ తేదీని కలకత్తాలో జన్మించెను. తండ్రి రెవరెండు డేవిడ్ బ్రౌను. క్రైస్తవ బోధకుడు, పెక్కు భాషల నెరిగిన పండితుడు. 1800 లో స్థాపింపబడిన ఫోర్టు విలియం కళాశాలకు ఆయన అధ్యక్షుడుగా నుండెను. శ్రీరాంపురమున గల ఆయన గృహమునకు ఆ కాలపు మిషనరీలలో ప్రసిద్ధులగువారు వచ్చుచుండిరి. హిందూస్థానీ, పారసీక భాషలలోనికి క్రొత్త నిబంధనను తెచ్చిన హెన్రీ మార్టిన్ అట్టివారిలో నొకడు. అట్టి యింట పెరిగిన బాలునకు భాషలు ఆటవస్తువులైనవి. తండ్రి తన పిల్లలకు హీబ్రూ, అరబ్బీ, పారసీకము మొదలగు వానిని చిన్ననాటనే చెప్పించెను. ఒక భాష తరువాత నొక భాషను నేర్చుటకు భయపడకుండుట బ్రౌనునకు తండ్రి యిచ్చిన మొదటి యాస్తి. కడపటి యాస్తియు నదియే యనవచ్చును. ఏలయన 1812 లో తండ్రి మరణించెను. కుటుంబము ఇంగ్లండు చేరెను.

కుంఫిణీ కొలువునకు వచ్చు యువకులకు హెయిలీబరీ అను చోట కళాశాల యుండెను. బ్రౌను అందు చదివి, 1817 వ సంవత్సరము ఆగస్టు నెలలో చెన్నపట్టణమున దిగెను. అప్పటికాయన వయస్సు పందొమ్మిది నిండలేదు. అచ్చట ఎల్లిస్ దొర 1812 లో నెలకొల్పిన సెయింటు జార్జి కోట కళాశాలలో కొలువునకు వలయు దేశభాషలను బోధించుచుండిరి. అచ్చటనే బ్రౌను వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద తెలుగు మొదలుపెట్టెను. 1820 లో పరీక్ష ముగిసెను. ఆ ఆగస్టులోనే కడపకు ఉద్యోగముపై వెళ్లెను.

ఆనాటి కడప జిల్లా నేటి దానికంటె విశాలమైనది. మన మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు అప్పుడు అందే చేరియుండెను. 1911 వ సంవత్సరము ఏప్రిల్ 1 వ తేదీని చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు అవి యిటు చేరినవి. కనుక బ్రౌను తెలుగును చెవులార వినినది, నాలుకతో పలుక నేర్చినది మన తాతముత్తాతల నోటనే యని మనము చెప్పుకొనవచ్చును. కచ్చేరిలో రైతులు చెప్పుకొను మొర, సంతలోని బేరము, పండితుని శ్లోకము, ఇవి మూడును వేరువేరు తెలుగులుగా ఆయనకు వినబడెను. పుస్తకములో నేర్చిన తెలుగుతో రైతు మాట తెలియదు. రైతు మాటతో పద్యము తెలియదు. ఈ రెండింటిని కలుపు వంతెన కావలెనని ఆయన గ్రహించెను. ఆ వంతెనయే తరువాత నిఘంటువైనది.

కడపలో నుండగానే ఆయన పేద బాలురకై ఉచిత పాఠశాలలు పెట్టించెను. తరువాత మచిలీపట్టణమునకు బదిలీ యయ్యెను. అచ్చటను పాఠశాల పెట్టెను. ఆ పట్టణమున నుండగా 1824 లో ఒక చిన్న సంగతి జరిగి ఆయన జీవితమునకు త్రోవ చూపెను. డ్యూబా అను ఫ్రెంచి మతాచార్యుడు హిందువుల ఆచారములను గూర్చి వ్రాసిన గ్రంథమును చదువుచుండగా వేమన యను కవి పేరు బ్రౌను కంటబడెను. ఎవరీ వేమన యని అడిగి, పద్యములను తెప్పించెను. పండితులు అంతగా గౌరవింపని యా కవి పద్యములు సామాన్యుల నోట నెల్లెడల నాడుచుండుట చూచి ఆయన యాశ్చర్యపడెను. కదిరి ప్రాంతమున కటారుపల్లెలో వేమన సమాధి యున్నదని ప్రతీతి. మన సీమ కవిని లోకమునకు చూపిన వాడు కలకత్తాలో పుట్టిన ఇంగ్లీషువాడగుట విచిత్రము.

బ్రౌను వేమన పద్యముల ప్రతులను సేకరింపసాగెను. ఇచ్చటనే అసలు చిక్కు మొదలయ్యెను. ఆ చిక్కు తెలియనిదే ఆయన శ్రమ విలువ తెలియదు గాన కొంచెము వివరింతును.

ఆ దినములలో తెలుగున అచ్చు పుస్తకములు బహు కొద్ది. కావ్యములన్నియు తాటియాకులపై గంటముతో వ్రాయబడి యుండెను. తాటియాకుపై మాటకు మాటకు నడుమ ఖాళీ యుండదు. పద్యపాదము ఎచ్చట ముగిసి మరియొకటి ఎచ్చట మొదలైనదో గీత గీసి చూపరు. అక్షరములు వరుసగా బారులు తీరి యుండును. ఒకని వ్రాతను చూచి మరియొకడు వ్రాయునప్పుడు తప్పులు పడును. ఆ తప్పులను చూచి మూడవవాడు వ్రాయునప్పుడు తప్పులు రెట్టింపగును. చెదలు, పురుగులు, తేమ కలిసి అంచులను తినివేయును. పుస్తకమున్నదని సంతోషించి విప్పినచో నడుమ నడుమ మాటలే యుండవు. పోయిన మాట యేది? దానిని కనుగొనుటెట్లు?

మన తెలుగు పద్యమునకు గల కట్టుబాటులే యిందులకు సహాయము. ఇంగ్లీషు మాటను ఇన్ని యక్షరములని లెక్కింతురు. రాముడను దేవుని పేరును ఇంగ్లీషున వ్రాసినచో నాలుగక్షరములు. తెలుగున ‘రామ’ యన్నచో రెండే. మన పద్యమునందు అక్షరముల సంఖ్య మాత్రమే గాక, పలుకు కాలమును బట్టి ఏది గురువు, ఏది లఘువు అనునది కూడ చూతురు. ఆ గురులఘువుల కూటములకు గణములని పేరు. ఏ చోట నే గణము రావలెనో నియమము కలదు. అంతేగాక పాదము మొదటి యక్షరమునకు చెలికాడగు అక్షరము పాదము నడుమ నొక నిర్ణీత స్థానమున రావలెను. దీనిని యతి యందురు. కొన్ని పద్యములలో ప్రతి పాదమునందును రెండవ యక్షరము ఒకే హల్లుగా నుండవలెను, అది ప్రాస. కొలత యొకటి, అక్షరము మరియొకటి: రెండును కుదిరిననే మాట నిలుచును. ఇంగ్లీషు బాలుడు ఆటకై పెట్టుకొను నియమమును మన కవి ప్రతి పాదమునందు నిజముగా పాటించుచున్నాడన్న మాట.

ఒక ఉదాహరణము చూడుడు. ఇది యే కవిదియు గాదు. విద్యార్థులకు తెలియుటకై నేనే కూర్చినది. ఆటవెలది మొదటి పాదము తాటియాకుపై ‘చదువు లేని వాని’ అని మొదలై, తరువాత చెదలు తిని, చివర ‘మది యేల’ యని మిగిలినదనుకొందము. ఆటవెలది మొదటి పాదమున మూడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు ఉండవలెను. ‘చదువు’, ‘లేని’, ‘వాని’ అను మూడును సూర్యగణములు. చివరి ‘మది యేల’ ఇంద్రగణము. పోయినది నాలుగవ గణము. అదియు ఇంద్రగణమే కావలెను. పాదము ‘చ’ తో మొదలైనది గాన నాలుగవ గణము మొదట ‘చ’ గాని, దానికి చెలిమి గల ‘జ, శ, ష, స’ లలో నొకటి గాని, అకారము వంటి అచ్చుతో కూడి రావలెను. అర్థమును బట్టి స్నేహమను మాట కావలెనని తెలియుచున్నది. ‘మిత్రత్వ’ యని వేసి చూతము: కొలత సరిపోయినది, ‘మి’ అను అక్షరము ‘చ’ తో కలియలేదు. ‘సఖ్య’ యని చూతము: అక్షరము కలిసినది, కొలత చాలలేదు. ‘సాంగత్య’ యని చూతము: కొలతయు కుదిరినది, అక్షరమును కుదిరినది. ‘సహవాస’ యనునదియు నట్లే కుదురును. ఈ రెండింటిలో కవి వాడినదేదో తెలియుటకు వేరొక ప్రతి కావలెను. అందు ‘స’ యను అక్షరము పక్కన దీర్ఘపు జాడ యొకటి కనబడిననేని తగవు తీరును.

ఒక్క మాటకే యింత పని. కావ్యమున వేలకొలది పద్యములు. అట్టి కావ్యములు పదులకొలది. ఇప్పుడు బ్రౌను పూనిన కార్యము ఎట్టిదో ఊహించుకొనుడు.

పద్యపు కొలత తెలియనిదే పద్యమును దిద్దలేమని గ్రహించిన యా దొర మొదట ఛందస్సును శ్రద్ధగా నేర్చెను. నేర్చుటతో తృప్తి చెందక తెలుగు సంస్కృత ఛందస్సులను వివరించుచు ఇంగ్లీషున నొక గ్రంథము వ్రాసి 1827 లో చెన్నపట్టణమున అచ్చు వేయించెను. అప్పటికాయన తెలుగును మొదలుపెట్టి పది సంవత్సరములే అయినది. పరాయి భాషలో మాటలాడుట నేర్చినవారు పెక్కురు. పరాయి భాషలోని పద్యపు నడకను చెవితో పట్టినవారు కొద్దిమంది.

మచిలీపట్టణము, రాజమహేంద్రవరములలో పనిచేసిన పిమ్మట 1826 లో బ్రౌను మరల కడపకు వచ్చెను. ఊరిలో విశాలమైన తోటతో గూడిన బంగళాను కొనెను. పగలు కచ్చేరి పని. తక్కిన వేళలయందు ఆ బంగళా పాఠశాలగాను, పుస్తకశాలగాను మారెడిది. పండితులను, లేఖకులను ఆయన అచ్చట నుంచి, వారికి తన చేతి సొమ్ము జీతముగా నిచ్చుచుండెను. జనులు దానిని బ్రౌను కళాశాల యని పిలిచిరి. జూలూరి అప్పయ్యశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్యశాస్త్రి మొదలగువారు ఆయనకు తోడుగా పనిచేసిన పండితులు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ కార్యాలయ వ్యవహారములు చూచెను. ఈ పేర్లను మనము మరువరాదు. బ్రౌను ఒంటరిగా నేమియు చేయలేదు. తెలుగు పండితులు లేనిచో ఆయన శ్రమ ఫలింపదు, ఆయన లేనిచో వారి పాండిత్యము అచ్చున నిలువదు.

పని జరుగు తీరు ఇట్టిది. ఒక కావ్యమునకు దొరికినన్ని ప్రతులను ఊరూరినుండి తెప్పింతురు. వానిలో నొకదానిని కాగితముపై ఎత్తి వ్రాసి, పద్యములకు వరుస సంఖ్యలు వేయుదురు. తక్కిన ప్రతులలోని భేదములను పక్కన గుర్తింతురు. తరువాత పండితులు కూర్చుండి, ఏ పాఠము అర్థమునకును, వ్యాకరణమునకును, ఛందస్సునకును సరిపడునో వాదింతురు. బ్రౌను నడుమ కూర్చుండి విని తీర్పు చెప్పును. కచ్చేరిలో మనుష్యుల తగవులు తీర్చిన దొర యింటిలో మాటల తగవులు తీర్చెను. అట్లు సిద్ధమైన ప్రతులకు కొన్నిటికి పండితులచేత టీకలు వ్రాయించెను. మనుచరిత్ర, వసుచరిత్రములు అట్లు టీకలతో అచ్చుకెక్కినవి. పండితులు తక్కువగా చూచిన ద్విపదలను, వీరగాథలను, ఊరి కథలను సైతము ఆయన విడువలేదు. మన సీమలోని అనంతపురపు చరిత్రను 1853 లో అచ్చు వేయించినదియు ఆయనయే.

వేమన పద్యములను ఇంగ్లీషు అనువాదముతో 1829 లో ప్రకటించెను. అందు ఏడు వందలకు కొంచెము తక్కువగా పద్యము లుండెను. ఆ పుస్తకము వెలువడిన వెనుక మరికొన్ని ప్రతులు దొరికెను. అంతటితో చాలునని యుండవచ్చును, బ్రౌను ఊరకుండలేదు. పని మరల మొదటినుండి చేసి 1839 లో వేయికి మించిన పద్యములతో రెండవ కూర్పును వెలువరించెను. తాను చేసినదానిని తానే మరల పరీక్షించుకొనుట ఆయన స్వభావము.

ఇన్ని పండితుల జీతములు, ఇన్ని తాటియాకుల వెల, ఇంత కాగితము ఎచ్చటినుండి వచ్చెను? కుంఫిణీ వారిచ్చినది కొంచెము. మిక్కిలి భాగము ఆయన జీతమునుండియే. జీతము చాలనప్పుడు సాహుకార్లవద్ద అప్పు చేసెను. కొలువు చేయు దొరలు పెక్కురు సొమ్ము కూడబెట్టుకొని స్వదేశమునకు మరలుచుండగా, ఈయన తాటియాకులకై ఋణపడెను. పై అధికారులలో కొందరికి ఆయన ధోరణి నచ్చలేదు. ఆయన కొంత ముక్కోపి, మాట పట్టుదల గలవాడు. కవులను గూర్చి చెప్పిన అభిప్రాయములలో కొన్ని తొందరపాటువి యని తరువాతి విద్వాంసులు చూపిరి. గుణదోషములు రెండును గలవాడే గాని ఆయన దేవత కాడు. కాని పూనిన పనిని విడుచుట యను దోషము మాత్రము ఆయన యందు లేదు.

1834 లో సెలవుపై ఇంగ్లండు వెళ్లెను. విశ్రాంతికై వెళ్లినవాడు లండనులోని కుంఫిణీ గ్రంథాలయములో దక్షిణదేశపు వ్రాతపుస్తకములు గుట్టలుగా పడియుండుట చూచెను. చదువువారు లేరు, పట్టికయు సరిగా లేదు. రెండు వేలకు పైగా నున్న ఆ గ్రంథములను మరల చెన్నపట్టణమునకు పంపవలెనని అధికారులను ఒప్పించెను. సముద్రము దాటి పోయిన మన పుస్తకములు సముద్రము దాటి తిరిగి వచ్చినవి. తరువాతి కాలమున తాను సేకరించిన వ్రాతప్రతులను గూడ ఆయన చెన్నపట్టణపు సాహిత్య సంఘమునకు ఇచ్చివేసెను. అవి పిమ్మట ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు చేరి, పరిశోధకులకు ఆకరమైనవి.

1838 నుండి ఆయన చెన్నపట్టణమున పారసీక భాషాంతరీకరణోద్యోగమున నుండెను; తపాలా శాఖాధిపత్యమును గూడ వహించెను. 1840 లో ఆయన తెలుగు వ్యాకరణము వెలువడెను. బైబిలును మంచి తెలుగునకు తెచ్చు ప్రయత్నమునందును ఆయన కృషి కలదు. ఇక ఆయన పేరు నిలిపిన మహాకార్యము నిఘంటువు.

తెలుగున నిఘంటువులు పూర్వము లేకపోలేదు. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహము వంటివి కలవు. కాని అవి పద్యములలో నున్నవి. దేవతల పేర్లొక చోట, మనుష్యుల పేర్లొక చోట, ఇట్లు అర్థమును బట్టి వర్గములుగా కూర్చబడినవి. వానిని కంఠస్థము చేసినవారికే అవి పనికివచ్చును. ఒక మాట కంటబడగా దాని మొదటి యక్షరమును బట్టి వెదకి అర్థము తెలిసికొందమన్నచో వీలులేదు. మచిలీపట్టణపు మామిడి వెంకయ్యగారు ఆంధ్రదీపికలో అకారాదిక్రమమును పట్టి మార్గము చూపిరి. కాంబెల్ దొర 1821 లో తెలుగు నిఘంటువు నొకదానిని ప్రకటించెను. బ్రౌను వీరి శ్రమను గుర్తించియే, ఇంకను విస్తారమైనదానిని కోరెను.

అక్షరమును బట్టి తెలుగు మాటను వెదకుట పిల్లలనుకొన్నంత సులభము గాదు. ‘కొట్టెను’ అను మాట వాక్యములో మరియొక మాట పక్కన చేరి ‘వానిఁ గొట్టెను’ అగును. క్రొత్తవాడు దానిని ‘గ’ క్రింద వెదకి, లేదని విసుగుకొనును. ‘చేసెను’ అనునది పద్యములో ‘సేసెను’ అగును. ‘పోయెను’ అనునది ‘వోయెను’ అగును. సంధిలో రెండు మాటలు కలిసిపోయి, ఒకదాని తల మరియొకదాని తోక క్రింద దాగికొనును. కాబట్టి తెలుగు నిఘంటువును తెరచువాడు అక్షరక్రమమును మాత్రమే గాక, ఒక అక్షరము వేషము మార్చుకొను తీరును గూడ నెరిగియుండవలెను. ఇంగ్లీషువాడుగా ఈ బాధలన్నియు తాను పడినవాడు గనుక, తరువాత వచ్చువారికి ఏది కష్టమో బ్రౌనునకు బాగుగ తెలియును.

ఆయన నిఘంటువున కావ్యములలోని మాటలతో పాటు ఇండ్లలోను, పొలములలోను, కచ్చేరులలోను వినబడు మాటలును చేరినవి. ఆనాటి పండితులకు ఇది నచ్చదు; వాడుక మాటను నిఘంటువులో చేర్చుట వారికి చిన్నతనము. బ్రౌను దృష్టిలో జనులు పలుకు ప్రతి మాటయు తెలియదగినదే. తెలుగు మాటకు ఇంగ్లీషు అర్థము, ఇంగ్లీషు మాటకు తెలుగు అర్థము చెప్పు రెండు నిఘంటువులను 1852 ప్రాంతమున చెన్నపట్టణమున క్రైస్తవ జ్ఞాన సంఘమువారి ముద్రాలయము అచ్చువేసెను. పారసీ, హిందూస్థానీ, ఇంగ్లీషు భాషలనుండి తెలుగున కలిసిన కచ్చేరి మాటలకు వేరుగ మిశ్రభాషా నిఘంటువును 1854 లో ప్రకటించెను. పద్యములను ఏరుట మొదలుపెట్టిన నాటికి ఆయన యువకుడు. నిఘంటువు ముగిసిన నాటికి ఏబదియేండ్లు దాటినవి.

1855 లో ఆయన ఇండియాను విడిచి ఇంగ్లండు చేరెను. వివాహము చేసికొనలేదు. 1865 లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడుగా నియమింపబడెను. అచ్చటను తెలుగు చదువుట, దిద్దుట మానలేదు. 1884 వ సంవత్సరము డిసెంబరు 12 వ తేదీని, ఎనుబదియారేండ్ల వయస్సున లండనులో పరమపదించెను.

మరణించిన పిమ్మట ఆయన పని ఆగలేదు. 1903 లో ఆయన తెలుగు ఇంగ్లీషు నిఘంటువు దిద్దబడి మరల అచ్చయ్యెను; ఆ దిద్దుబాటున కందుకూరి వీరేశలింగము పంతులుగారును పాలుగొనిరి. ఆ కూర్పునే చికాగో విశ్వవిద్యాలయమువారు గణకయంత్రములందు చేర్చిరి. నేడు బాలుడు కొన్ని యక్షరములను నొక్కినంతనే మాట కన్నుల యెదుట నిలుచుచున్నది. అది యంత్రము చేసిన వింత యని తలచెదము గాని, యంత్రము వెదకునది బ్రౌను, ఆయన పండితులు వెదకి కూర్చిపెట్టిన మాటలనే.

మన తిరుపతికిని ఈ చరిత్రలో నొక భాగము కలదు. బ్రౌను వ్రాసియుంచిన సాహిత్య జీవిత వృత్తాంతమును ఆచార్య జి. ఎన్. రెడ్డిగారు, బంగోరెగారు సంపాదకులై పరిష్కరింపగా, 1978 లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము ప్రకటించెను. కడపలో బ్రౌను బంగళా యుండిన తావున, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలచే ఆయన పేర గ్రంథాలయము వెలసెను. పండితులు పద్యములు దిద్దిన చోటనే నేడు విద్యార్థులు కూర్చుండి చదువుకొనుచున్నారు.

విద్యార్థులారా, మీలో కొందరు ఇంగ్లీషు మాటలకై వెదకునప్పుడు రెండు నిమిషములు చూచి, దొరకలేదని పుస్తకమును మూసివేయుదురు. మరికొందరు కొలతకు సరిపోయిన మొదటి మాటనే వ్రాసి, అక్షరము కుదిరినదో లేదో చూడరు. ‘మిత్రత్వ’ యనునది అర్థమునకు సరిపోయినను అక్షరమునకు సరిపోలేదని మీరు పైన చూచితిరి. దగ్గరగా వచ్చిన మాట వేరు, సరియైన మాట వేరు. ఆ రెండింటికి గల దూరమును నడచుటకే బ్రౌను ముప్పది సంవత్సరములకు పైగా పట్టెను. ఆ దారిలో ఆయనకు ధనము మిగులలేదు. మనకు కావ్యములు మిగిలినవి.

తల్లిదండ్రులకును ఒక మనవి. మీ యిండ్లలో అటకలపైనను, పెట్టెలలోను తాతల కాలపు తాటియాకులు గాని, చేతివ్రాత పుస్తకములు గాని యున్నచో, చదువ వీలుకానివని పారవేయకుడు. వానిని భద్రపరచి తెలిసినవారికి చూపుడు. చెదలు ఒక్క రాత్రిలో తినివేసిన మాటను తిరిగి తెచ్చుటకు ఎంతమంది పండితులు, ఎన్ని ప్రతులు, ఎంత కాలము కావలెనో బ్రౌను చరిత్రము మనకు చెప్పుచున్నది.